పండుగ కానుకలు: వాని పుట్టుక, వాని గతి

దసరా మొదలుకొని సంక్రాంతి వరకును గల మాసములు మన ప్రాంతమున కానుకల కాలము. బతుకమ్మకు ఆడపడుచునకు చీర, దీపావళికి మిఠాయి, క్రిస్మసునకు పిల్లలకు బొమ్మ, సంక్రాంతికి గాలిపటము. వీనిని కొనునపుడు మనము వెలను విచారింతుము, రంగును విచారింతుము. ఇది ఎవరి చేతులలో పుట్టినది, తుదకెచ్చటికి పోవును అను రెండు ప్రశ్నలను మాత్రము వేయము. మేడ్చలు, శామీరుపేట ప్రాంతములవారికి ఈ రెండింటికిని ఉత్తరము కంటికెదురుగనే యున్నది.

ముందుగా తుదిమాట. హైదరాబాదు నగరము ప్రతిదినము పారవేయు వేలకొలది టన్నుల చెత్త జవహర్‌నగరునకు చేరుచున్నది. అది పూర్వము శామీరుపేట మండలములోనిదే. ఆ గుట్టలనుండి ఊరిన మురికినీటిచే మల్కారము చెరువు చెడిపోయినది. చుట్టుపట్లవారు దుర్గంధముచే ఏండ్ల తరబడి బాధపడుచున్నారు. చెత్తను కాల్చి విద్యుచ్ఛక్తిని తీయు యంత్రశాల 2020లో పని మొదలిడెను. ఐనను నగరము పెరిగినకొలది చెత్తయు పెరుగుచునే యున్నది. పండుగ మరునాడు మన వాకిటినుండి పోవు థర్మోకోలు, మెరుపు కాగితము, రెండు దినములకే విరిగిన ప్లాస్టిక్ బొమ్మ చేరుచోటు అదియే. మెరుపు కాగితము పేరునకే కాగితము. పిడికిట నలిపి చూడుడు. మరల విచ్చుకొనెనేని అది ప్లాస్టిక్ పొర. మిఠాయి పెట్టెలకు చుట్టు పలుచని ప్లాస్టిక్ పొర, అలంకరణకు వాడు థర్మోకోలు, బుడగలకు గుచ్చు ప్లాస్టిక్ పుల్లలు 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషేధింపబడినవి. కానుకను పాత వార్తాపత్రికలోనో, నూలుసంచిలోనో పెట్టి యిచ్చినచో ఎవరికిని చిన్నతనము కాదు.

ఇక పుట్టుక మాట. ఇది కొన్నియెడల మిక్కిలి దుఃఖకరము. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలో గాజులు చేయు చిన్నచిన్న కార్ఖానాలనుండి పోలీసువారు వందలకొలది బాలురను విడిపించిరి. వారిలో పెక్కురు బిహారునుండి తేబడినవారు. మన చిన్న తరగతుల విద్యార్థుల యీడువారు! పదునాలుగేండ్లలోపు పిల్లలను పనికి పెట్టుకొనుట 2016 నాటి చట్టసవరణచే, సొంత కుటుంబపు పనులలో బడి చెడకుండ సాయపడుట వంటివి తప్ప, అన్ని వృత్తులందును నిషిద్ధము. గాజులనే కొనవలదని మా యభిప్రాయము కాదు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పనినే నమ్ముకొనిన పెద్దవారి కుటుంబములు ఎన్నియో కలవు. లాడ్ బజారులో కొలిమియొద్ద కూర్చుండి తానే లక్కను మలచువానియొద్ద కొనుడు. ఎవరు చేసిరో చెప్పలేని అంగడిలో కొనకుడు.

మన రెండు ఊళ్ల బాటలును పనివారి ఊళ్లకే పోవుట ఒక భాగ్యము. మేడ్చలు మీదుగా పోవు నాగపూరు బాటను పట్టినచో, హైదరాబాదునకు సుమారు 200 కిలోమీటర్ల దూరమున నిర్మలు వచ్చును. అచ్చటి పనివారు తేలికయైన పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపిన ముద్దతో అతికి, రంగులు వేయుదురు. వారి సహకార సంఘము 1955లో ఏర్పడినది. పొణికి చెట్లు అడవులలో తరిగిపోవుచుండుటచే కర్ర దొరకుట కష్టమగుచున్నది. మరియొక లోపమును దాచరాదు: పూర్వపు ఆకు రంగులకు, రాతి రంగులకు బదులు నేడు పెక్కు బొమ్మలకు అంగటి ఎనామిలు రంగులే పూయుచున్నారు. కావున అవి అల్మారలో నుంచి చూచుకొనుటకు తగినవి.

నోట బెట్టుకొను పసిబిడ్డకు ఏటికొప్పాక బొమ్మ మేలు. అనకాపల్లి జిల్లాలో వరాహ నదియొడ్డున గల ఆ ఊర అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్కలో పసుపు, నీలిమందు, జాఫరా వంటి చెట్ల రంగులు కలిపి పూయుదురు. ఈ రంగులను పునరుద్ధరించిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. బొమ్మలపై ఐ.ఎస్.ఐ. ముద్ర యుండవలెనను నియమము 2021 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. నమోదైన చేతిపనివారికిని, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకును మినహాయింపు కలదు. కనుక ముద్ర లేదని ఏటికొప్పాక బొమ్మను శంకింప బనిలేదు. ముద్ర లేని ప్లాస్టిక్ బొమ్మను మాత్రము శంకింపవలసినదే.

శామీరుపేట మీదుగా పోవు కరీంనగరు బాట సిద్దిపేటకు కొనిపోవును. తలపై కుండతో నిలిచిన గొల్లభామను మగ్గముమీదనే నేసిన చీర ఆ ఊరిది. నేయువారు కొలదిమందియే మిగిలిరి. పోచంపల్లి చీరయని చెప్పి అచ్చువేసిన గుడ్డను అమ్మువారును కలరు. చీరను త్రిప్పి చూడుడు. నూలుకు ముందే రంగద్ది నేసిన దానిలో పువ్వు రెండు ప్రక్కలను ఒకేరీతిగా నుండును. అచ్చు గుడ్డకు వెనుకవైపు వెలవెలబోవును. అంత దూరము పోలేనివారికి నగరమున గోల్కొండ విక్రయశాల, శిల్పారామము కలవు. పెద్ద దుకాణమున నోరెత్తక చెల్లించి, నేతగానియొద్ద మాత్రము గంటసేపు బేరమాడుట మాకు వింతగా తోచును.

తుదకు గాలిపటము. నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయస్థానము 2017లో నిషేధించెను. ఆ దారము చెట్లకు చిక్కి కుళ్లిపోదు; పక్షుల రెక్కలను, దారిన పోవువారి కంఠములను కోయును. శామీరుపేట చెరువు, దాని చెంతనున్న జింకల వనము పక్షులకు నెలవులు గనుక మన పిల్లలకు ఈ విషయము మరింత తెలియవలెను. కాగితపు గాలిపటమును, గాజుపొడి పూయని సాదా నూలుదారమును కొనియిండు. ఇట్టి దారముతో పందెమున పటము త్వరగా తెగునని పిల్లలు గొణుగుదురు; అది నిజమే. ఒకటికి మూడు పటములు కొనియిచ్చినను వెల యేమంత కాదు.