ఆకు తిప్పి చూస్తే

పిట్టల్ని చూసేవాళ్లు చీకటితో లేవాలి. సీతాకోకచిలుకల కోసం తిరిగేవాళ్లకు ఆ బాధ లేదు. ఎండ కాస్త చురుక్కుమనాలి, వాటి ఒళ్లు వేడెక్కాలి. అప్పటిదాకా ఎగరనే ఎగరవు. గుడివాడ దాటాక ఏ కాలువ గట్టు మీదైనా ఎనిమిదింటికి బండి ఆపి చూడండి. గడ్డిపరకల మీద రెక్కలు పరుచుకుని లెమన్ పాన్సీలు చలి కాచుకుంటూ ఉంటాయి.

"కొండలేవీ, అడవేదీ, ఇక్కడేం దొరుకుతాయండీ?" అని అడుగుతారు. నిజమే, చూసేవాళ్లంతా నల్లమలకో శేషాచలానికో పాపికొండలకో పోతారు. డెల్టాలో ఉన్నదంతా వరి, చెరువు, గట్టు. అయితే సీతాకోకచిలుకకు కావలసింది కొండ కాదు, తన పిల్ల తినే ఆకు. అందుకే ఈ పనిలో దిగినవాడు ముందు నేర్చుకోవలసింది చెట్లూ చేమలూ. గాల్లో ఎగిరేదాని వెంట పరుగెత్తేవాడికి ఆయాసం మిగులుతుంది. మొక్క పక్కన కూర్చున్నవాడి దగ్గరికి అదే వస్తుంది.

కోతలయ్యాక పశువుల మేత కోసం జనుము చల్లిన చేను చూడండి. పచ్చటి పూల మధ్య వడిలిన కొమ్మల మీద, ఎండుతున్న కాయల మీద బ్లూ టైగర్లు ముసురుకుని ఉంటాయి. నల్లటి రెక్కల మీద లేత నీలి గీతలు. పూల మీద వాలవలసినవి ఎండు పుల్లను పట్టుకుని వేలాడుతున్నాయేమిటా అని మొదటిసారి నేనూ తెల్లబోయాను. అక్కడ చేరేవి దాదాపు అన్నీ మగవే. జనుములో ఒక చేదు విషం ఉంది. దాన్ని పీల్చుకుని, ఆడదాన్ని మెప్పించే సువాసనగా మార్చుకుంటాయి. జత కట్టినప్పుడు కొంత విషాన్ని ఆడదానికీ అందిస్తాయి, గుడ్లకు కాపలాగా. పెళ్లికొడుకు అత్తరూ, పెళ్లికూతురి సారె ఒకే చేలోంచి! 1880లో ఫ్రెడరిక్ మూర్ అనే ఆంగ్లేయుడు ఇది చేరే ప్రజాతికి (జీనస్‌కు) పెట్టిన శాస్త్రీయ నామం ఏమిటో తెలుసా? 'తిరుమల'. మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

వరి కోతకు ముందే తడిలో చల్లే మినుము పూతకు వచ్చేసరికి ఇంకో రకం దిగుతుంది. వేలిగోరంత ఉంటుంది, పేరు పీ బ్లూ. వెనక రెక్కల కొసన సన్నని తోకలు, వాటి మొదట్లో నల్ల చుక్కలు. వాలి రెక్కలు ఆడిస్తుంటే తోకలు మీసాల్లా, చుక్కలు కళ్లలా కనిపిస్తాయి. తల అనుకుని పిట్ట అక్కడే పొడుస్తుంది, ముక్కుకు చిక్కేది రెక్క ముక్క. దీని పురుగు ఒంటి మీద తీపి ఊరుతుంది. ఆ తీపి కోసం చీమలు చుట్టూ కాపలా తిరుగుతాయి. రైతుకు మాత్రం ఇది పూతనూ కాయనూ తొలిచే పురుగే, ఆ మాట కాదనలేం. అదే పీ బ్లూ ఇంగ్లండులో ఎప్పుడో అప్పుడు దారి తప్పి వచ్చే అతిథి. అక్కడ మొదటిసారి కనబడింది 1859లో. ఈ రోజుకీ అది వచ్చిందని తెలిస్తే అక్కడివాళ్లు ఊళ్లు దాటి వెళ్లి చూసొస్తారు. మనకు మినుం చేలో పాదాల దగ్గరే లేస్తుంది.

బందరు వెళ్తే నేను గన్నేరు చెట్లు వదలను. ఆకు కింద కామన్ క్రో ప్యూపా వేలాడుతుంటే చిలకలపూడి నగ ఎవరో మరిచిపోయినట్టే ఉంటుంది. ఆ నగకైనా పైన బంగారు పూత ఉంటుంది, దీనికి అదీ లేదు. పలుచటి పొరలు దొంతరగా పేరుకుని వెలుగును వెనక్కి కొట్టడమే ఆ మెరుపంతా. లోపలిది ఎగిరిపోయి గుల్ల ఎండితే మెరుపూ పోతుంది. జేబులో వేసుకుందామన్నా లాభం లేదు.

దివిసీమలో నాగాయలంక దాటి మడ అడవుల అంచుకు పోతే నేల ఉప్పుగా మారుతుంది. అక్కడ మిస్వాక్ చెట్టు వెతకాలి, అరబ్బు దేశాల్లో పళ్లు తోముకోవడానికి పుల్ల విరిచేది దీనిదే. ఆ ఆకు తిని పెరిగే గులాబిరంగు సీతాకోకచిలుక పేరు కూడా స్మాల్ సాల్మన్ అరబ్. సముద్రపు గాలికి జడిసి నేల బారునే ఎగురుతుంది. ఫొటో తీద్దామని వంగితే బురద మోకాళ్ల దాకా వస్తుందని ముందే చెబుతున్నాను.

కనబడినదాన్ని రాసుకోవడం దగ్గరే చాలామంది జారిపోతారు. రెక్కలు విప్పిన ఫొటో అందంగా ఉంటుంది, కానీ చిన్న నీలి రకాలను గుర్తుపట్టాలంటే రెక్కల అడుగు వైపు కావాలి. తేదీ, చోటు, వాలిన మొక్క పేరు కూడా కావాలి. బ్రిటన్‌లో 1976 నుంచి వాలంటీర్లు వారం వారం ఒకే దారిలో నడుస్తూ, ఐదు మీటర్ల వెడల్పులో కనబడినవన్నీ లెక్కపెడుతున్నారు. ఆ పద్ధతికి మన కాలువ గట్టు కొలిచి కట్టినట్టు సరిపోతుంది. కొత్త రకం దొరకలేదని దిగులు పడనక్కర్లేదు. రోజూ కనబడే జిల్లేడు మీది ప్లెయిన్ టైగర్‌ని ఏడాది పొడుగునా లెక్కపెట్టిన పుస్తకం నా దృష్టిలో అరుదైన ఒక్క ఫొటో కన్నా విలువైనది. గట్ల మీద కలుపుమందు కొట్టిన నెలలో ఆ పుస్తకంలో ఖాళీ గళ్లు కనిపిస్తాయి.

రథసప్తమి స్నానానికి ఎటూ జిల్లేడాకులు కోస్తారు కదా. కోయబోయే ముందు ఒక్కసారి ఆకు వెనక్కి తిప్పి చూడండి. ఆవగింజ కన్నా చిన్నది, తెల్లటి గుడ్డు ఒకటి అంటుకుని ఉంటే ఆ ఆకును వదిలేసి, పక్క ఆకు కోసుకోండి.