చిక్కం కర్రా? సమ్మర్ క్యాంపా?

రెడ్డిగూడెంలో వేసవి వచ్చిందని క్యాలెండర్ చెప్పక్కర్లేదు. తోటల్లో బంగినపల్లి కాయ బరువెక్కుతుంది. మూలనున్న, కాయలు కోసే చిక్కం కర్రలు బయటికొస్తాయి. కాయల బండ్లు నున్న మార్కెట్ దారి పడతాయి. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ ఆఖరి వారంలో, బడికి తాళం పడుతుంది. మళ్లీ తీసేది జూన్ రెండోవారంలో. పెద్దలంతా కోతల్లో, బేరాల్లో మునిగి ఉంటారు. ఇంట్లో ఖాళీగా ఉండేవి రెండే: పిల్లలు, ఫోను.

ఆ ఫోన్లోనే విజయవాడ క్యాంపుల ప్రకటనలు కనిపిస్తాయి. ఈత, రోబోటిక్స్, అబాకస్, డ్యాన్స్, కరాటే... అన్నీ ఇరవై రోజుల్లోనేనట! ఇన్ని విద్యలు ఒకేసారి నేర్పుతామన్నవాళ్లు ఒక్కటీ నేర్పరని నా అనుమానం. పైగా మైలవరం మీదుగా రోజూ రానూపోనూ బస్సు ప్రయాణం. మే నెల ఎండలో ఆ తిరుగుడుకే పిల్లలు వాడిపోతారు.

అసలీ సమ్మర్ క్యాంపు ఎక్కడిది? 1861లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు తన బడి పిల్లల్ని సముద్రపు ఒడ్డుకు నడిపించుకెళ్లి, రెండు వారాలు గుడారాల్లో ఉంచాడు. పడవ నడపడం, చేపలు పట్టడం, ఆరుబయట పడుకోవడం... అదీ శిక్షణ. మన పిల్లలకు ఇందులో సగం పుట్టుకతోనే వచ్చింది కదా! కొమ్మ ఊపి కాయ రాల్చడం, దాన్ని పట్టి చూసి పక్వమో కాదో చెప్పడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. హైదరాబాద్ నుంచి అమ్మమ్మగారింటికి వచ్చిన పిల్లకైతే ఈ తోటే మంచి శిబిరం. రెడ్డిగూడెం పిల్లకు కావలసింది వేరు: ఊళ్లో దొరకనిది. కథల పుస్తకం, చదరంగం బల్ల, ఆట తెలిసిన కోచ్.

వాటికోసం వేలు పోయక్కర్లేదు. వేసవిలో గ్రంథాలయాల్లో ఉచితంగా విజ్ఞాన శిబిరాలు పెడతారు. కథలు చదివిస్తారు, చెప్పిస్తారు, బొమ్మలు వేయిస్తారు. జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ మే నెలలో ఆటల శిబిరాలు నడుపుతుంది. దగ్గర్లో ఏది ఎక్కడుందో బడి పీఈటీని అడిగితే తేలుతుంది. ఫీజు లేదు కాబట్టి పస లేదనుకునేవాళ్లున్నారు. వాళ్లతో నాకు పేచీ.

డబ్బు కట్టే క్యాంపయితే ముందు ఒక్కరోజు వెళ్లి కూర్చోండి. ఒక్కో మాస్టారి చేతికింద ఎంతమంది పిల్లలు? నీడ ఎక్కడ, తాగునీళ్లెక్కడ? ఎండ ముదరకముందే వదిలేస్తారా? ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉందా? ఈత నేర్పేచోటైతే ఒడ్డున కాపలా ఎవరో కళ్లారా చూడాల్సిందే. నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకుని బావిలో దూకిన తాతల కథలు వినడానికి బాగుంటాయి. తిరిగి రాని పిల్లల కథలు ఎవరూ చెప్పరు. ఇక ‘ఫౌండేషన్’, ‘బ్రిడ్జి కోర్సు’ అని పేరు పెట్టి పై తరగతి పాఠాలు మొదలుపెట్టేది శిబిరం కాదు, పేరు మార్చిన బడి.

ఒకసారి చేర్చాక అదే పట్టుకు వేలాడాలా? విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ ఐదేళ్లు నిండకముందే కృష్ణానదిలో ఐదు కిలోమీటర్లు ఈదింది. అందరూ ఈతే ఆమె దారి అనుకుని ఉంటారు. తర్వాత విల్లు పట్టింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. మనవాళ్లేమో ‘ఫీజు కట్టేశాం, కిక్కురుమనకుండా వెళ్లు’ అంటారు.

క్యాంపు అనే బోర్డు లేని చోట్లూ ఉన్నాయి. విజయవాడ బస్సెక్కితే దారిలోనే కొండపల్లి. తెల్లపొణికి చెక్క ఏనుగు అంబారీగా మారడాన్ని ఓ పూట కూర్చుని చూస్తే, బొమ్మలంటే ఆసక్తి ఉన్న పిల్ల కదలదు. లేని పిల్ల గంటకే ‘ఇంటికెళ్దాం నాన్నా’ అంటుంది. ఖర్చు బస్సు టికెట్టే.

ఎందులో చేర్చినా మొదటిరోజు మాటలు లెక్కలోకి తీసుకోకండి. కొత్త కాబట్టి ఎగురుకుంటూనే వస్తారు. మూడోరోజు పొద్దున మీరు లేపకముందే లేచి, నీళ్లసీసా తనే నింపుకుంటుంటే మిగతా ఫీజు కట్టొచ్చు. దుప్పటి మొహం మీదికి లాక్కుంటే మాత్రం చిక్కం కర్ర ఇచ్చి తాతతో తోటకి పంపండి. కోతలు జూన్ దాకా ఉంటాయి.