అపరాధపరిశోధకుని యవహిత్థ

ఆంగ్లమున ‘హార్డ్ బాయిల్డ్’ అను విశేషణము మొదట గ్రుడ్డునకుఁ జెల్లినది. చాలసే పుడికించుటచే లోని ద్రవమంతయు గట్టిపడిన గ్రుడ్డని దాని యర్థము. అమెరికా దేశమున నీ మాట కంటఁ దడిపెట్టని మనుష్యునకును, పిదప నొక తెఱఁగు అపరాధపరిశోధకునకును సంక్రమించెను. పేరునుబట్టి యాతనికి హృదయమే లేదని తలఁచువారు కలరు. గ్రంథములు చదివినచో నా తలఁపు నిలువదు.

1841లో ఎడ్గర్ ఎలన్ పో సృజించిన డ్యూపిన్, 1887లో కోనన్ డాయిల్ వెలయించిన షెర్లాక్ హోమ్సు బుద్ధిబలముచేఁ జిక్కు విప్పువారు. వారికి నేర మొక సమస్య. 1920లో వెలసిన ‘బ్లాక్ మాస్క్’ అను పత్రికలోఁ బెరిగిన పరిశోధకుఁడు వేఱు. అది మద్యనిషేధపు కాలము. దొంగసారాయి ధనము రక్షకభటులను, నగరాధికారులను గూడఁ గొనుచుండెను. ఆ లోకమున నితఁడు దినకూలికిఁ బనిచేయును, దెబ్బలు తినును, అవసరమైన నబద్ధమాడును. 1923 నుండి యిట్టి పరిశోధకుని కథలు వ్రాసిన డాషియల్ హామెట్ స్వయముగాఁ బింకర్టన్ పరిశోధకసంస్థలోఁ గొలువు చేసినవాఁడు.

హామెట్ 1930లో గ్రంథరూపమునఁ బ్రకటించిన ‘ది మాల్టీస్ ఫాల్కన్’లోఁ గథకుఁ డే పాత్రముయొక్క మనస్సునందును బ్రవేశింపఁడు. కంటికిని జెవికిని అందినదే చెప్పును. నాయకుఁడు సామ్ స్పేడ్. నడిరేయి టెలిఫోను మ్రోఁగును. భాగస్వామి యగు ఆర్చర్ హతుఁడయ్యెనని వార్త. స్పేడ్ కన్నీరు పెట్టఁడు, నిట్టూర్పఁడు. కాగితములోఁ బొగాకు పోసి, సమముగాఁ బఱచి, మెల్లగా సిగరెట్టు చుట్టుకొనును. గ్రంథకర్త యా వ్రేళ్ల కదలికనే సావధానముగా వర్ణించి యూరకుండును.

ఇది సంస్కృతాలంకారికు లెఱుఁగని మార్గము గాదు. కుమారసంభవమున నంగిరసుఁడు తండ్రితోఁ దన వివాహప్రసంగము సేయుచుండఁగాఁ బార్వతి తలవంచి లీలాకమలపత్రములను లెక్కించును. ఆకారగోపనరూపమగు ‘అవహిత్థ’ యను వ్యభిచారిభావమునకు దీని నుదాహరించుట కలదు. పార్వతి ఱేకులును స్పేడ్ పొగాకును ఒక్క పనియే చేయుచున్నవి. భరతుఁడు చెప్పిన యవహిత్థావిభావములలో లజ్జ, భయము రెండును గలవు. పార్వతికి లజ్జ కారణము, అది క్షణికము. స్పేడునకు భయము: ఎదుటివానికి మనసు తెలిసినచోఁ బ్రాణమునకే ముప్పు. అందుచే నది యాతనికి నిత్యవేషమైనది. వ్యభిచారి స్థాయివలె నిలిచిపోవుటయే యీ పాత్రమునందలి విశేషము.

వేషమే స్వభావమగునేమో యను శంక హామెట్టునకు లేకపోలేదు. 1929 నాటి ‘రెడ్ హార్వెస్ట్’లోఁ బేరులేని పరిశోధకుఁడు దుష్టవర్గముల నొకదానిపై నొకదాని నుసికొలిపి, హత్యలు తనకు రుచించుచున్నవేమో యని తానే జంకును. స్పేడ్ విషయమున మాత్రము కప్పు చివరకుఁ బగులును. ఆర్చరును జంపినది, తాను ప్రేమించుచున్నానేమో యని యొప్పుకొనిన బ్రిజిడ్. ఆమెను రక్షకభటుల కప్పగించును. ఆర్చరనిన నాతనికి గౌరవము లేదు. ఆతని భార్యతోనే రహస్యసంబంధము. అయినను భాగస్వామి హతుఁడైనపు డూరకుండరాదనును. కారణములను లెక్కపెట్టి చెప్పుచుండఁగా ముఖము పాలిపోయి చెమర్చును. తరువాత నుదయమునఁ గార్యాలయములోఁ గూర్చుండి వణఁకును. స్వేదము, వైవర్ణ్యము, వేపథువు: సాత్త్వికభావములలో మూఁడు. ఇవి యెంతటి కఠినుఁడును దాఁపరానివి.

రేమండ్ చాండ్లర్ 1939లో ‘ది బిగ్ స్లీప్’తో నవలలోనికిఁ దెచ్చిన ఫిలిప్ మార్లో తన కథను దానే చెప్పుకొనును, కావున మౌనము సాగదు. ఆతని కప్పు పరిహాసము. దినమున కిరువదియైదు డాలర్లును వ్యయములును బుచ్చుకొను నితఁడు, 1953 నాటి ‘ది లాంగ్ గుడ్‌బై’లో స్నేహితుఁడు పంపిన యైదువేల డాలర్ల నోటును వాడుకొనఁడు. చచ్చెననుకొన్న యా స్నేహితుఁడు ముఖము మార్చుకొని తిరిగిరాఁగా నోటు తిరిగి యిచ్చివేయును. స్నేహితుఁడు వెడలిపోవును, తలుపు మూసికొనును. నడవలో దూరమగు నడుగుల చప్పుడు నాలకించును. అది పూర్తిగా నణఁగిన పిదపను ఆలకించుచునే యుండును.