ట్రాలీ ఎందుకు తోక ఊపుతుంది?

తొలకరి వాన పడిందంటే చాలు, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు. చెట్ల కింద, గుడి అరుగుల మీద, వచ్చిన బండి నీడన పడుకుంటారు. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి పోయే కుటుంబాలదీ ఇదే తీరు. ట్రాక్టర్ ట్రాలీకి ఇనుప కమ్మీలు వంచి, టార్పాలిన్ కప్పి, గడ్డి పరిస్తే అదే ఇల్లు. వెనకటి గూడుబండికి తమ్ముడన్నమాట. మనలో చాలామందిమి అందులో నిద్రపోయి పెరిగినవాళ్ళమే కాబట్టి దాని సంగతి తెలుసుకుందాం.

సరిగా సర్దని ట్రాలీ రోడ్డు మీద కుడికీ ఎడమకీ ఊగుతుంది. దీనికి కారణం ఎద్దులబండి తోలిన తాతలకు బాగా తెలుసు. బరువు ఇరుసుకు వెనక పడితే కాడి ఎద్దుల మెడ మీద నుంచి పైకి లేస్తుంది. ట్రాలీలోనూ అంతే. వెనక బరువైతే కొక్కెం పైకి లాగుతుంది, తోక ఒక పక్కకు జరిగితే వెనక్కి రావడానికి బదులు ఇంకా జరుగుతుంది. కార్ల వెనక కట్టే చిన్న ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద ఉండాలని లెక్క. అంటే 2,000 కిలోలకు కనీసం 200 కిలోలు. మన రెండు చక్రాల ట్రాలీకి ఇరుసే వెనక్కి ఉంటుంది కనుక ఇంకా ఎక్కువే మోపుతుంది. అలాగని అంతా ముందుకే పేర్చినా తప్పే. ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు.

మా ఇంట్లో జరిగిన పొరపాటు నీళ్ళ డ్రమ్ముతో వచ్చింది. 200 లీటర్ల డ్రమ్మును ముందు మూలన పెట్టాం. పోయేటప్పుడు బాగానే ఉంది. మూడు రోజుల్లో నీళ్ళు అయిపోయాయి, గిన్నెలు, బియ్యం మూటలు వెనకే ఉన్నాయి. తిరుగు దారిలో ట్రాలీ పాములా ఆడింది. ముందున్న 200 కిలోలు మాయమైన సంగతి ఎవరికీ తట్టలేదు! ఖాళీ అయ్యే వస్తువును ఇరుసుకు సరిగ్గా పైన పెడితే ఈ తంటా ఉండదు. ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు తొక్కకూడదు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని మెల్లగా వేగం తగ్గించాలి.

ఇక కమాన్లు. ఇవి టన్నుల కొద్దీ ఇసుక, బస్తాలు మోయడానికి వేసినవి. నలుగురి సామానుకు అవి వంగనే వంగవు, అందుకే గుంతలో పడితే ఎముకలు కదులుతాయి. మెత్తగా ఉండాలని పట్టీలు తీసేసేవాళ్ళున్నారు. పంట రోజుల్లో అదే ట్రాలీకి నిండా బరువేస్తే కమాను విరుగుతుంది. మెత్తదనం పరుపులో వెతుక్కోవాలి గానీ కమానులో కాదని మా అభిప్రాయం. చూడవలసింది యూ బోల్టుల బిగువు. అవి వదులై ఇరుసు ఒక పక్క జరిగితే ట్రాలీ అడ్డంగా నడుస్తుంది. పరీక్ష తేలిక. కొక్కెం నుంచి ఇరుసు రెండు చివరలకూ ఒకే తాడుతో కొలవండి, రెండూ సమానంగా రావాలి.

బ్రేకుల మాట మరువకూడదు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకు లేదు. వాలులో ట్రాలీయే ట్రాక్టర్‌ను తోస్తుంది. న్యూట్రల్ చేయకుండా చిన్న గేరులోనే దిగాలి. ట్రాక్టర్ రెండు బ్రేకు పెడళ్ళను రోడ్డెక్కే ముందు కలిపి గొళ్ళెం వేయాలి. లేకుంటే ఒక చక్రమే పట్టి బండి తిరగబడుతుంది. మలుపులో పక్కకు తోసే బలం 20 కిలోమీటర్ల వేగం కంటే 40లో నాలుగు రెట్లు. టార్పాలిన్ కింద మనుషులు నిలబడితే బరువు ఇంకా ఎత్తుకు పోతుంది. అసలు సరుకుల ట్రాలీలో మనుషుల్ని ఎక్కించుకు పోవడం చట్టం ఒప్పదు. బస్సు ఛార్జీ భారమని మాకూ తెలుసు. అయినా సామాను ట్రాలీలో, మనుషులు బస్సులో పోవడమే మేలు.

దిగాక ట్రాక్టర్ విప్పితే ఇంకో ప్రమాదం ఉంది. వెనక నుంచి ఇద్దరు ఎక్కగానే ముందు భాగం గాల్లోకి లేస్తుంది. పిల్లలు పడుకునే ముందు చక్రాలకు రాళ్ళు, వెనక రెండు మూలల కింద మొద్దులు, రోడ్డు వైపు ఎర్ర రిఫ్లెక్టర్ పెట్టండి.