గోదావరి డెల్టాలో తాగునీరు, పారిశుద్ధ్యం: గ్రామ సమూహాల పాత్ర

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
– డెల్టా గ్రామాల తాగునీటి సమస్య స్వభావాన్ని వివరించగలుగుతారు.
– ప్రజల భాగస్వామ్యంతో నడిచే పథకాల బలాన్ని, పరిమితులను చర్చించగలుగుతారు.

1. పరిచయం

గోదావరి డెల్టా అనగానే నీటి కొరత ఎవరికీ గుర్తుకు రాదు. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య కట్టిన ఆనకట్ట వల్ల ఈ ప్రాంతమంతటా కాలువలు పారుతున్నాయి. అయినా అనేక గ్రామాల ప్రజలు తాగే నీటిని క్యానుల్లో కొనుక్కుంటున్నారు. కళ్లెదుట నీరున్నా ఈ పరిస్థితి ఎందుకు వచ్చిందో పరిశీలిద్దాం.

2. సమస్య స్వభావం

సముద్రతీరానికి దగ్గరగా ఉన్న చాలా గ్రామాల్లో భూగర్భజలం ఉప్పగా ఉంటుంది. అందుచేత కాలువ నీటితో మంచినీటి చెరువును నింపి, ఆ నీటిని ఇసుక ఫిల్టర్లలో వడగట్టి, క్లోరిన్ కలిపి కుళాయిలకు ఇస్తారు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీరు వదిలేవరకు ఊరంతా ఆ చెరువు మీదే ఆధారపడాలి. చెరువులోకి పశువులు దిగినా, పక్కనున్న రొయ్యల చెరువుల నీరు చేరినా నష్టం అందరిదీ.

పై ఊరి మురుగు కాలువలో కలిస్తే, అది కింది ఊరి తాగునీటిలోకి చేరుతుంది. భూగర్భజలం పైపైనే ఉన్నచోట మరుగుదొడ్డి గుంటను లోతుగా తవ్వితే మలినం నేరుగా ఆ నీటిలో కలుస్తుంది. అటువంటిచోట గుంటను నేలకన్నా ఎత్తుగా కట్టాలి. చెరువుకు, చేతిపంపుకు దూరంగా ఉంచాలి. కాబట్టి పారిశుద్ధ్యాన్ని నీటి సరఫరా నుంచి విడదీసి చూడలేము.

3. ఒక ఉదాహరణ

2001లో ఏర్పడిన బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాల్లో నీటి శుద్ధి కేంద్రాలను నెలకొల్పింది. పంచాయతీ స్థలాన్ని, నీటి వనరును సమకూర్చింది. గ్రామస్థులు నిర్మాణ వ్యయంలో కొంత భరించారు. 12 లీటర్ల క్యానుకు రూ. 1.50 వసూలు చేసేవారు. ఇటువంటి కేంద్రాల్లో ఆపరేటరు జీతం, కరెంటు బిల్లు, మరమ్మతుల ఖర్చు ఆ రుసుము నుంచే రావాలి. యంత్రం చెడిపోతే నిధుల కోసం ఎవరి దగ్గరికీ వెళ్లనవసరం లేకపోవడం ఈ పద్ధతి బలం.

పరిమితులను కూడా గమనించండి. రోజుకు ఒక క్యాను కొనే కుటుంబానికి ఆ ధర ప్రకారం నెలకు రూ. 45 అవుతుంది. కూలి దొరకని నెలలో ఇది కూడా భారమే. ఆ ఇల్లు మళ్లీ చెరువు నీటికే వెళుతుంది. కొనగలిగినవారు కుళాయి నీటి గురించి అడగడం మానేస్తే, పంచాయతీపై ఒత్తిడి తగ్గి చెరువు, ఫిల్టర్లు నిర్లక్ష్యానికి గురవుతాయి. నష్టపోయేది పేదలే.

4. సంస్థాగత ఏర్పాట్లు

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ తాగునీటిని, పారిశుద్ధ్యాన్ని పంచాయతీలకు అప్పగించదగిన అంశాల్లో చేర్చింది. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల ప్రకారం గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో సగం మంది మహిళలు ఉండాలి. నీళ్లు మోసే భారం ఎక్కువగా వారిదే కనుక నిర్ణయంలోనూ వారికి చోటు దక్కాలన్నది దీని ఉద్దేశం.

5. సారాంశం

శుద్ధి యంత్రం క్యానులోని నీటిని బాగుచేస్తుంది. చెరువును, కాలువను, కుళాయిని కాపాడవలసింది గ్రామ సమూహమే. చెల్లించలేని కుటుంబానికి కూడా మంచినీరు అందినప్పుడే ఆ ప్రయత్నం సఫలమైనట్లు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డెల్టాలో తాగునీటికి, పారిశుద్ధ్యానికి గల సంబంధాన్ని వివరించండి.
2. మీ గ్రామ కమిటీలో సభ్యులెవరో, చివరి సమావేశం ఎప్పుడు జరిగిందో తెలుసుకొని రాయండి.