పీఎఫ్ ట్రస్టీ కుర్చీ పదవి కాదు, అమానత్

2019 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్ విద్యుత్ ఉద్యోగులు రోడ్డెక్కారు. జీతాల పెంపు కోసం కాదు, దాచుకున్న పీఎఫ్ కోసం. వాళ్ల పీఎఫ్ ట్రస్టుల నుంచి 2,600 కోట్ల రూపాయలకు పైగా తీసుకెళ్లి డీహెచ్‌ఎఫ్‌ఎల్ అనే ఒకే ప్రైవేట్ గృహరుణ సంస్థలో పెట్టారు. ఆ సంస్థ చేతులెత్తేసేసరికి 2,200 కోట్లకు పైగా ఇరుక్కుపోయింది. అరెస్టులు జరిగాయి, కేసు సీబీఐకి వెళ్లింది. ఉద్యోగుల డబ్బుకు హామీగా నిలబడేందుకు చివరకు రాష్ట్ర ప్రభుత్వమే ముందుకు రావాల్సి వచ్చింది.

మన ఇళ్లలోనూ ఆర్టీసీ డ్రైవర్లు, మెకానిక్‌లు, కండక్టర్లు ఉన్నారు. ఆర్టీసీ కుటుంబాలకు ‘పీఎఫ్ ట్రస్టు’ అనే మాట కొత్తేమీ కాదు. కానీ అందులో ట్రస్టీగా కూర్చునే మనిషి పని ఏమిటో చాలామందికి తెలియదు.

ఎవరు ఈ ట్రస్టీలు?

సాధారణంగా పీఎఫ్ డబ్బు ఈపీఎఫ్‌ఓకు వెళ్తుంది. కొన్ని సంస్థలకు మాత్రం మినహాయింపు ఉంటుంది. అవి సొంత ట్రస్టు పెట్టుకుని ఉద్యోగుల డబ్బును చూసుకుంటాయి. ఈ ట్రస్టు బోర్డులో యాజమాన్యం తరఫున ఎంతమంది ఉంటే, ఉద్యోగుల తరఫున కూడా అంతమంది ఉండాలి. ఒక్కో వైపు ఇద్దరికి తగ్గకూడదు, ఆరుగురికి మించకూడదు.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. యాజమాన్యం వాటాలోంచి పెన్షన్ పథకానికి పోయే 8.33 శాతం ఈ ట్రస్టులో ఉండదు, ఈపీఎఫ్‌ఓకే వెళ్తుంది. 15,000 రూపాయల జీత పరిమితి మీద లెక్కేస్తే అది నెలకు 1,250 రూపాయలు. ట్రస్టు చేతిలో ఉండేది మిగతా పీఎఫ్ సొమ్ము. కూతురి నికాహ్‌కైనా, ఇంటి కప్పుకైనా కుటుంబం ఎదురుచూసేది ఆ సొమ్ము కోసమే.

అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

మొదటిది, ఈ నెల డబ్బు వచ్చిందా? జీతంలో కోసిన మొత్తం, యాజమాన్యం వాటా రెండూ మరుసటి నెల 15వ తేదీలోగా ట్రస్టుకు చేరాలి. సంస్థకు డబ్బు కటకట వచ్చినప్పుడు ముందుగా ఆగిపోయే ప్రమాదం ఉన్నది ఇదే.

రెండోది, ఎక్కడ పెట్టుబడి పెడుతున్నారు? దీనికి కేంద్రం హద్దులు పెట్టింది. కనీసం 45 శాతం ప్రభుత్వ సెక్యూరిటీల్లో ఉండాలి. షేర్ల సంబంధిత పెట్టుబడి 15 శాతం దాటకూడదు. ఎవరో ఒకరు ‘ఎక్కువ రాబడి’ అన్నారని అంతా ఒకేచోట పోయడానికి వీల్లేదు.

మూడోది, రేటు ఎంత? ఈపీఎఫ్‌ఓ ప్రకటించిన దానికంటే తక్కువ ఇవ్వకూడదు. 2024-25కి అది 8.25 శాతం. తగ్గితే ఆ తేడాను యాజమాన్యమే భరించాలి.

నాలుగోది, ఆడిట్ అయిందా? ఆడిట్ నివేదిక చదవకుండా, మినిట్స్ చూడకుండా సంతకం పెట్టకూడదు. ఒప్పుకోని విషయం ఉంటే ఆ అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయించాలి. నోటితో చెప్పి వదిలేస్తే రేపు రుజువు ఉండదు.

యూనియన్ మనిషా, సభ్యుల మనిషా?

ఉద్యోగుల ట్రస్టీలు చాలాసార్లు యూనియన్ నుంచే వస్తారు. అందులో తప్పు లేదు. కానీ బోర్డులో కూర్చున్నాక ఆయన యూనియన్‌కు ఓటేసిన వాళ్లకూ, వేయని వాళ్లకూ, రిటైర్మెంట్ దగ్గరపడ్డ వాళ్లకూ సమానంగా జవాబుదారీ. మసీదు ఆస్తికి ముతవల్లీ ఎలాగో ఇదీ అలాగే. ఆస్తి ఆయనది కాదు, కాపలా మాత్రం ఆయనది.

మరి వడ్డీ సంగతి?

ఈ సందేహం మన ఇళ్లలో తప్పకుండా వస్తుంది. జీతం నుంచి తప్పనిసరిగా కోసే పీఎఫ్‌నూ, ఉద్యోగి తన ఇష్టంతో అదనంగా కట్టే మొత్తాన్నీ చాలామంది ఉలమా వేరుగా చూస్తారు. మొదటిదాని మీద వచ్చేదాన్ని తీసుకోవచ్చని చెప్పేవారు, రెండోదాని విషయంలో జాగ్రత్త పడమంటారు. సందేహం ఉన్నవాళ్లు తమ ముఫ్తీ సాబ్‌ను అడిగి తేల్చుకోవాలి. ట్రస్టీ మాత్రం సొంత అభిప్రాయంతో పెట్టుబడులు మార్చలేడు, నిబంధనల ప్రకారమే నడవాలి.

సభ్యుల బాధ్యత కూడా ఉంది. ఏటా ఖాతా స్టేట్‌మెంట్ తీసుకుని జీతం స్లిప్పులతో సరిచూసుకోవాలి. తేడా కనిపిస్తే ముందు ట్రస్టుకు రాతపూర్వకంగా ఇవ్వాలి, కదలిక లేకపోతే ఈపీఎఫ్‌ఓ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లాలి. ఇక ట్రస్టీగా ఎవరిని పంపాలన్న మాట వచ్చినప్పుడు, గట్టిగా మాట్లాడేవాడి కంటే లెక్కలు చదివేవాడిని ఎంచుకోవడం మేలు.