జాతి, లింగ వివక్షలపై ధిక్కారస్వరం: మాయా ఏంజెలో ‘స్టిల్ ఐ రైజ్’ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆఫ్రికన్ అమెరికన్ కవయిత్రి మాయా ఏంజెలో 1978లో వెలువరించిన ‘అండ్ స్టిల్ ఐ రైజ్’ సంపుటిలోని ‘స్టిల్ ఐ రైజ్’ కవితను ఈ వ్యాసం విశ్లేషిస్తుంది. జాతి వివక్ష, లింగ వివక్ష నల్లజాతి స్త్రీ శరీరంపై ఏకకాలంలో పనిచేశాయనీ, కవితలోని సంబోధన, ప్రశ్నలు, పోలికలు ఆ చారిత్రక నేపథ్యంలోనే పూర్తిగా బోధపడతాయనీ ప్రతిపాదిస్తుంది. తెలుగు అనువాదంలో ఎదురయ్యే ఒక సమస్యనూ చర్చిస్తుంది.

కీలక పదాలు: నల్లజాతి కవిత్వం, స్త్రీవాదం, ధిక్కారం, శరీర రాజకీయాలు, అనువాదం.

1. ప్రవేశిక:
పీడితుల కవిత్వాన్ని ఆవేశం పేరుతో మెచ్చుకోవడం, అదే ఆవేశం పేరుతో తోసిపుచ్చడం విమర్శలో తరచుగా కనిపిస్తాయి. రెండు సందర్భాల్లోనూ ఆ కవితల నిర్మాణం మరుగున పడుతుంది. ‘స్టిల్ ఐ రైజ్’ను కేవలం ఆత్మవిశ్వాస గీతంగా చదివినప్పుడూ ఇదే జరుగుతుంది. అది ఎవరిని నిలదీస్తున్నదో, ఏ చరిత్రకు బదులిస్తున్నదో గమనించకపోతే అందులోని ధిక్కారం నీరుగారిపోతుంది.

2. కవయిత్రి జీవిత నేపథ్యం:
మాయా ఏంజెలో 1928 ఏప్రిల్ 4న మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో జన్మించారు. బాల్యంలో అధికభాగం ఆర్కాన్సాస్ రాష్ట్రంలోని స్టాంప్స్ అనే చిన్న పట్టణంలో నాయనమ్మ వద్ద గడిచింది. తెల్లవారికీ నల్లవారికీ మధ్య గీసిన గీతను ఆమె అక్కడ ప్రతిరోజూ చూశారు. ఏడెనిమిదేళ్ల వయసులో తల్లి సహచరుడే ఆమెపై అత్యాచారం చేశాడు. ఆమె అతని పేరు బయటపెట్టిన తరువాత అతడు హత్యకు గురయ్యాడు. తన మాటే ఒక మనిషి ప్రాణం తీసిందన్న భయంతో ఆమె దాదాపు ఐదేళ్లు మౌనం వహించారు. 1969లో వచ్చిన ‘ఐ నో వై ది కేజ్డ్ బర్డ్ సింగ్స్’ అనే ఆత్మకథలో ఈ అనుభవాలను వివరించారు. బయట జాతి వివక్ష, ఇంట్లో పురుషుని హింస: ఈ రెండింటినీ ఎదుర్కొన్న గొంతు కనుకనే ఆమె కవిత్వంలో ఒకదాన్ని మరొకదాని నుండి విడదీయలేము.

3. ధర కట్టిన శరీరం:
1662లో వర్జీనియా వలస పాలకులు చేసిన చట్టం ప్రకారం బిడ్డ బానిసా, స్వతంత్రుడా అన్నది తల్లి స్థితిని బట్టి నిర్ణయమవుతుంది. దీనితో బానిస స్త్రీ గర్భం యజమాని ఆస్తిని పెంచే సాధనమైంది. తండ్రి యజమానే అయినా బిడ్డ బానిసే. జాతి పీడన, లైంగిక పీడన ఒకే చట్టంలో కలిసిపోయిన సందర్భమిది.

ఈ నేపథ్యంలో కవితలోని చమురు బావులు, బంగారు గనులు, వజ్రాల పోలికలను పరిశీలించాలి. కవయిత్రి తన నడకను, నవ్వును, స్త్రీత్వాన్ని ఈ సంపదలతో పోలుస్తుంది. వేలంపాటలో ఒకప్పుడు ఇతరులు ధర కట్టిన శరీరానికి ఇప్పుడు ఆమే విలువ కడుతున్నది. ఆ సంపదకు యజమానురాలు కూడా ఆమే. అందువల్ల ఈ పోలికలు అలంకారాలుగా మాత్రమే మిగలవు, యాజమాన్య ప్రకటనలుగా మారతాయి.

4. నిర్మాణంలో ధిక్కారం:
కవితలో తొలి ఏడు చరణాలు నాలుగేసి పాదాలతో క్రమబద్ధంగా సాగుతాయి. వాటిలో నాలుగింట పీడకుణ్ణి సూటిగా ప్రశ్నిస్తుంది. నా గర్వం నిన్నెందుకు బాధిస్తున్నదన్న ధోరణిలో సాగే ఈ ప్రశ్నలు సంజాయిషీ చెప్పుకోవలసిన బాధ్యతను పీడకునిపైకి మళ్ళిస్తాయి. దుమ్ము, గాలి, ఆటుపోట్లు వంటి ప్రకృతి పోలికలు పైకి లేవడాన్ని ఆపడానికి వీలులేని సహజ ధర్మంగా నిలబెడతాయి.

చివరి రెండు చరణాల్లో పాదాల సంఖ్య పెరుగుతుంది, పల్లవి మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. నలుపు అన్న మాట తొలిసారి వచ్చేదీ, బానిసత్వ చరిత్ర నేరుగా ప్రస్తావనకు వచ్చేదీ ఇక్కడే. అంతవరకు ఒక స్త్రీగా మాట్లాడిన ‘నేను’ ఇక్కడ పూర్వీకుల ఆశలను మోసే సామూహిక స్వరమవుతుంది.

5. తెలుగు పాఠకుని ముందున్న సమస్య:
ఆంగ్లంలోని ‘యూ’ ఏకవచనమూ కావచ్చు, బహువచనమూ కావచ్చు. తెలుగు అనువాదకుడు ‘నువ్వు’, ‘మీరు’లలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. ‘నువ్వు’ అంటే ధిక్కారం పదునెక్కుతుంది గాని అది ఒక వ్యక్తితో జరిగే కలహంగా కుంచించుకుపోవచ్చు. ‘మీరు’ అంటే పీడక వ్యవస్థ మొత్తం ఎదుట నిలుస్తుంది గాని గౌరవార్థం తొంగిచూస్తుంది. ‘మీరంతా’ అనడం ఒక మార్గం.

ఇంకొక సామ్యమూ ఉంది. 1993లో వెలువడిన ‘నీలిమేఘాలు’ సంకలనం తెలుగు స్త్రీవాద కవిత్వాన్ని ఒకచోట చేర్చింది. గోగు శ్యామల సంపాదకత్వంలోని ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రచనలకు ప్రత్యేక స్థానాన్ని కల్పించింది. కులం, జాతి ఒకటి కావు. అయినా రెండు అణచివేతల మధ్య నిలిచిన స్త్రీ తన గొంతును తానే వినిపించుకోవలసిన అవసరం రెండుచోట్లా ఉన్నది.

6. ముగింపు:
‘స్టిల్ ఐ రైజ్’లో ధిక్కారం నినాదంగా గాక సంబోధనలో, ప్రశ్నలో, పోలికలో ఇమిడి ఉంది. ఈ కవిత నుండి స్త్రీని తొలగించి జాతిని మాత్రమే చూసినా, జాతిని తొలగించి స్త్రీని మాత్రమే చూసినా సగమే మిగులుతుంది. ఆ రెండింటినీ కలిపి చదివినప్పుడే, ఒకప్పుడు మౌనంలోకి నెట్టబడిన స్వరం కవిత్వం ద్వారా ఏమి తిరిగి సంపాదించుకున్నదో స్పష్టమవుతుంది.